ముందు హుక్కుల గౌను

కుట్టడానికి పట్టే ఓపిక ఒక ఎత్తు, కుట్టినదాన్ని విప్పడానికి పట్టేది ఇంకో ఎత్తు. ఆదివారం మధ్యాహ్నం, అందరూ తిన్న కంచాలు కడిగి, చేతుల తడి ఆరకముందే కిటికీ దగ్గర కూర్చుని ఎవరిదో గౌను విప్పుతోందామె. హాల్లో ఆయన సోఫాను అతుక్కుని ఉన్నాడు. పక్క కుర్చీలో అత్తగారు. ఆ ఇంట్లో కుట్టేవాళ్ళు ఇద్దరు: కోడలు మిషన్‌తో, అత్తగారు మాటతో. అత్తగారి కుట్టుకి దారం ఖర్చు కూడా లేదు. "కూర్చుని చేసే పనేగా, నీకేం, రాణివి" అని నిన్ననే ఒకటి వేసింది. రాణిగారి నడుము అప్పటికి రెండుగా చీలిపోతోంది.

ఫోన్‌లో కుట్టుపనివాళ్ళ గుంపు ఒకటుంది. అక్కడ ఆమె అందరికీ టైలరక్క. అందులో ఖాతా కూడా ఆయన నంబరు మీదే తెరిచింది. పెళ్ళయిన కొత్తలో "నీకు వేరే నంబరెందుకే, నాది నీది కాదూ" అన్నాడు. ఆ వాక్యం చివర దీర్ఘం తీసేస్తే మిగిలేదే నిజమని ఆమెకు ఆలస్యంగా తెలిసింది. ఆమెకు వచ్చేవన్నీ ఆయన ఫోన్‌లోనూ కనిపిస్తాయి. సాయంత్రం పైకి చదివి, తల్లిని నవ్విస్తాడు. అందుకే ఏది రాసినా ముందు ఆయన గొంతుతో ఒకసారి లోపల చదువుకుని, సగం చెరిపేసి పంపుతుంది.

ఆ గుంపులోనే నీలిదారం అనే పేరుతో ఒకమ్మాయి ఉంది. మొహం తెలియదు, ఊరు తెలియదు. మొదట అడిగింది: "అక్కా, పొట్టి చేతుల్ని మణికట్టు దాకా పెంచడం ఎలా?" చలికాలం కాబోలనుకుని చెప్పింది. తర్వాత మెడ పైకంటా మూసేయడం ఎలా అంది. "మెడ దాచుకుంటున్నావంటే కొత్త పెళ్ళికూతురివన్నమాట!" అని టైలరక్క ఛలోక్తి విసిరితే గుంపంతా పగలబడి నవ్వింది. నీలిదారం కూడా ఒక నవ్వు బొమ్మ పెట్టింది. ఆ తర్వాత, వెనక హుక్కులు ముందుకు మార్చుకోవడం ఎలా, ఒంటిచేత్తో పెట్టుకునేట్టు, కుడిచెయ్యి పైకి లేవడం లేదు అని. దానికీ బొమ్మ గీసి మరీ చెప్పింది. మంచి ఉపాయం చెప్పానని ఆ రోజంతా పొంగిపోయింది కూడా.

ఇవాళ ఆ పేరుతో ఒక ఫోటో వచ్చింది. మంచం మీద పరిచిన బట్టలు. "అన్నీ బాగున్నవే. ఊరికే ఇచ్చేస్తాం." కింద "నాకు, నాకు" అని చేతులెత్తేవాళ్ళే అందరూ. "ఎరుపుది నాకు ఉంచండి, నడుం కాస్త వదులు చేసుకుంటాను" అని ఒకావిడ.

టైలరక్క విడిగా రాసింది. "ఎలా ఉన్నావమ్మా?"

జవాబు వెంటనే వచ్చింది. "మా ఆవిడ ఊళ్ళో లేదు. మీకేది కావాలి?"

ఆమె ఫోటోను పెద్దది చేసి చూసింది. నిండు చేతులవి, మూసిన మెడవి, అన్నీ తను చెప్పినట్టే. మధ్యలో ముందు హుక్కుల గౌను. ఒంటిచేత్తో తనంతట తాను తొడుక్కోగలిగింది అదొక్కటే. అది ఇక్కడుంటే ఆ పిల్ల ఏం తొడుక్కుని ఊరెళ్ళింది?

మేకుకి తగిలించిన గౌన్లు ఫ్యాను గాలికి కదిలాయి. వాటిలో ఒకదాని కుడిచెయ్యి మాత్రం కదల్లేదు. గోడకి ఆనుకుని ఉంది, అంతే. అయినా ఆమె లేచి దాన్ని ముట్టుకుని చూసింది.

హాల్లోకి వెళ్ళి చెప్పింది. ఆయన సగం విని, "ముక్కూ మొహం తెలియని మనిషి కోసం నీకెందుకే ఈ చిరుగుల పంచాయితీ?" అన్నాడు.

"మొగుడూ పెళ్ళాలన్నాక లక్ష ఉంటాయమ్మా. పుట్టింటికి పోయుంటుంది" అంది అత్తగారు.

"పుట్టింటికి బట్టల్లేకుండా పోతుందా అత్తయ్యా?"



ఆమె కిటికీ దగ్గరికి తిరిగొచ్చి కూర్చుంది. అత్తగారన్నదీ నిజమే కావచ్చు. ఆ పిల్ల కొత్త బట్టలు కొనుక్కుని ఉండవచ్చు, చెయ్యి బాగుపడి ఉండవచ్చు. తను ఫిర్యాదు పెడితే, ఆ పిల్ల ఆ ఇంట్లోనే ఉండి, పోలీసులు వచ్చి తలుపు దగ్గర రెండు మాటలడిగి వెళ్ళిపోతే, ఆ తర్వాత మూసుకునే తలుపు వెనక ఏమవుతుంది? చెబితే ఒక భయం, చెప్పకపోతే ఒక భయం. కానీ చెప్పకుండా కూర్చుంటే రేపు ఎవరి చేతుల కొలత తీసినా ఆ మణికట్టే కనిపిస్తుంది.

గుంపులో నీలిదారం పేరు పక్కనున్న ఫిర్యాదు పేజీ తెరిచి, "ఈ వ్యక్తి ప్రమాదంలో ఉన్నారు" అన్నచోట నొక్కింది. చూసినదంతా రాసింది, ఈసారి ఏదీ చెరపకుండా. పంపబోతే, మీ నంబరుకు కోడ్ పంపాం అని వచ్చింది. హాల్లో ఆయన ఫోను మోగింది.

ఆమె వెళ్ళి ఎదురుగా నిలబడింది. "ఆ అంకెలు చదవండి."

ఆయన చూసి, బొటనవేలితో కప్పేశాడు. "ఇది నా పేరు మీదున్న నంబరు. రేపు వాడు నా మీదికొస్తే? పిచ్చా నీకు?"

"చదవకపోతే స్టేషన్‌కి నడిచి వెళ్ళి చెప్తాను."

"వెళ్ళి ఏం చెప్తావ్? జవాబిచ్చింది వాళ్ళాయనే అని నీకెలా తెలుసట? ఆ పిల్లే సరదాకి రాసిందేమో!"

"వాళ్ళూ అదే అడుగుతారు, పెళ్ళాం ఫోను మొగుడు చూస్తాడని నీకెలా తెలుసని" అందామె. గొంతు పెంచలేదు. "అడిగితే చెప్తాను. ఈ ఇంటి సంగతి మొత్తం చెప్తాను."

అత్తగారు కొడుకు వంక చూసింది.

ఆయన బొటనవేలు పక్కకి జరిపాడు.