హిందూపురం సర్వర్ పడిపోతే

సుధ ధర్మవరంలో ఒక పట్టుచీరల కంపెనీ కంప్యూటర్లు చూసుకునేది. కదిరి, మడకశిర షోరూముల ఆర్డర్లు హిందూపురం ఆఫీసులో ఉన్న జావా సర్వర్‌కు చేరేవి. దాని లోపలే ఉండే మెసేజ్ బ్రోకర్ అనే ప్రోగ్రాము వాటిని భద్రపరిచి, వరసగా ధర్మవరం మగ్గాలకు పంపేది. సర్వర్ పడిపోతే బ్రోకరూ దాంతోనే పడిపోయేది. అప్పుడు హిందూపురం ఆఫీసులో పనిచేసే తిమ్మరాజు ఫోన్ చేసేవాడు.

"సుధా, మళ్లా పడిపాయ. ఏం చెయ్యల్ల?"

ఫోన్లో చెప్పి బాగుచేయించడం కాకపోతే ఆమె రైలెక్కి వెళ్లేది. పని అయ్యాక అతను టీ తెప్పించేవాడు. తిరుగు రైల్లో పెనుకొండ దాటినా అతని మాటలే ఆమె చెవుల్లో ఉండేవి.

పెళ్లిళ్ల కాలంలో ఒకనాడు సర్వర్ పడి పూటంతా ఆర్డర్లు నిలిచిపోయాయి.

"అది పడినా మన పని నడవాలమ్మా" అన్నాడు యజమాని కుళ్లాయప్ప.

సుధ ధర్మవరంలో రెండో సర్వర్ పెట్టింది. హిందూపురానికి వచ్చే ప్రతి మెసేజూ దీంట్లోకి నకలయ్యేట్టు, అది పలకకపోతే ఇది పని అందుకునేట్టు అమర్చింది. మొదటి పరీక్షలో రెండోది లేచింది గానీ ఆర్డర్లు రాలేదు. షోరూముల ప్రోగ్రాముకు హిందూపురం చిరునామా ఒక్కటే తెలుసు మరి. దానికి రెండు చిరునామాలూ ఇచ్చి, తిమ్మరాజుకు ఫోన్ చేసి "ఇప్పుడు ఆపు" అంది.

తిమ్మరాజు అక్కడ సర్వర్ ఆపాడు. "వస్తాండాయా?"

"వస్తాండాయి. ఒక్కటీ పోలేదు."

"అయితే నువ్వింక ఈడికి వచ్చే పనే లేదు."

నవ్వుతాడనుకుంది. నవ్వలేదు.

ఆ తర్వాత హిందూపురం సర్వర్ చాలాసార్లు పడింది. ఎవరికీ తెలియనే లేదు. కుళ్లాయప్ప అందరి ముందూ మెచ్చుకున్నాడు. సుధ ఫోన్ మాత్రం మోగలేదు. ఇంట్లో మగ్గం దగ్గర నుంచి అమ్మ పిలిచినా వినిపించుకోకుండా ఫోన్ వైపే చూస్తూ కూర్చునేది.

చివరికి తనే చేసింది.

"ఏమాయ? ఏమన్నా పడిందా?" అన్నాడు కంగారుగా.

"ఏం పడలేదు. ఊరికే చేసినా."



"నేనూ చెయ్యాలనుకుంటా. ఏం సాకు చెప్పల్లో తెలీక ఊరుకుంటా."

"ఆదివారం పెనుకొండకు వస్తావా? ఇద్దరికీ నడాన ఉంటాది."

వచ్చాడు. స్టేషన్ బెంచీ మీద చాలాసేపు ఎండనూ పట్టాలనూ చూస్తూ కూర్చున్నారు.

"మా అమ్మకు నీ గురించి చెప్పినా" అన్నాడు చివరికి.

"ఏమనింది?"

"ముందు ఆ పిల్లను అడగరా అనింది."

ధర్మవరం రైలు వచ్చింది. సుధ లేవలేదు. రైలు వెళ్లిపోయింది.

"ఇప్పుడడుగు" అంది.