చివరగా అన్న తర్వాత

మా ఆయన తెల్లచొక్కా కాలరు ఇస్త్రీ చేస్తూ ఉంటే, ఆయన పేపర్లోంచి తల ఎత్తకుండానే అన్నారు: "దర్శనం సంగతి నువ్వేం కంగారు పడకు. మనిద్దరి తరఫునా నేను చెప్పేస్తాలే."

నిజం చెప్పొద్దూ, నాకు ప్రాణం లేచొచ్చింది. నాది ఊరికే కంగారు పడే జన్మ. పొయ్యి కట్టేశానో లేదో చూసుకోవడానికి వీధి చివరి నుంచి వెనక్కి వచ్చే మనిషిని. అలాంటి నన్ను కూడా కలుపుకుని, మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరమ్మ ఒక ప్రకటన చేసింది. వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక అందరం కూర్చోవాలట. ఈ సంఘం ఎలా ఉండాలని కోరుకుంటున్నామో ఎవరి నోటితో వాళ్ళు చెప్పాలట. తర్వాత అవన్నీ కలిపి అందరిదీ ఒక్క దర్శనంగా, అంటే సంఘమంతా కనే ఒకే కలగా, రాసుకోవాలట. ఎవరి నోటితో వాళ్ళు! ఆ మాట విన్నప్పటి నుంచీ నా నోరు ఎండిపోతూనే ఉంది.

ఆవిడ వయసు మా చిన్నకోడలి వయసు. పాదిరిని అయ్యగారు అనీ ఆయన భార్యని అమ్మగారు అనీ పిలవడం అలవాటైన మా వాళ్ళకి ఈవిడని ఏమనాలో తోచలేదు. కొన్నాళ్ళు "అయ్యగారమ్మ" అన్నారు. ఆవిడ పడీపడీ నవ్వి, "పాస్టరమ్మ అంటే చాలండీ" అంది.

నేను మాత్రం ఇంకా అమ్మగారినే. మా ఆయన పాదిరిగా రిటైరయినా నా పదవికి రిటైర్మెంటు లేదు. పెళ్ళయిన కొత్తలో మా అత్తగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, "వాడు దేవుడి పని చేస్తాడు. నువ్వు వాడి పని చెయ్యి" అని చెప్పింది. చాలా సుళువైన లెక్కలాగే కనిపించింది. మరి నా పని ఎవరు చేస్తారని అడగాలని అప్పుడు తోచలేదు. మాకు బదిలీల మీద బదిలీలు. ప్రతి ఊళ్ళోనూ మా ఆయన వేదిక ఎక్కి తన దర్శనం చెప్పేవారు. అది ప్రతి ఊళ్ళోనూ ఒకటే: ఎత్తైన గోపురంతో పెద్ద గుడి. నేను వెనక గదిలోకి వెళ్ళి పొయ్యి ఎక్కడుందో చూసుకునేదాన్ని.

ఆ వెనక గది గురించి చెప్పాలి. ప్రసంగం చివరికొచ్చేసరికి మా ఆయన గొంతు కాస్త తగ్గించి, "చివరగా, ప్రియులారా" అంటారు. ఆయనే కాదు, అందరు పాదిరులూ అంటారు. మగవాళ్ళు ఆ మాట వినగానే ఒళ్ళు సర్దుకుని కూర్చుంటారు. ఆడవాళ్ళం లేస్తాం. మాకది గంట కొట్టినట్టు. చెప్పులు చప్పుడు కాకుండా పక్కతలుపులోంచి వెనక్కి వెళ్ళి టీకి నీళ్ళు పెడతాం. జనం బయటికొచ్చేసరికి వేడివేడిగా చేతికందాలి కదా. అందుకే నా భర్త చేసిన ఒక్క ప్రసంగం ముగింపు కూడా నేను వినలేదు. అది తెలుసుకోవాలనే నేను చదువు నేర్చుకున్నాను. బడికి వెళ్ళిందేమీ లేదు. పాటల పుస్తకంలో అందరూ పాడుతుంటే మాటల కింద వేలు జరుపుతూ అక్షరాలు పట్టుకున్నాను. ఇంటికొచ్చి బైబిలు తీసి, ఆయన ఎత్తుకున్న భాగం మిగతాదంతా చదివి, ఎలా ముగించి ఉంటారా అని ఊహించి ఆయనకి చెప్పేదాన్ని. ఆయన పేపరు వెనక నుంచి "ఊఁ" అనేవారు. టీకప్పు అందుకుంటూ ఎవరైనా, "అబ్బ, అయ్యగారు చివర్లో ఒక మాట అన్నారమ్మా! గుండెకి తగిలింది" అంటే, నాకు గర్వంగా ఉండేది. ఆ మాటేమిటని అడగడానికి మాత్రం సిగ్గేసేది.

అనుకున్న ఆదివారం రానే వచ్చింది. పాస్టరమ్మ మమ్మల్ని చిన్నచిన్న గుంపులుగా కూర్చోబెట్టింది. మొగుడూపెళ్ళాలు ఒక గుంపులో ఉండకూడదని నవ్వుతూనే షరతు పెట్టింది. మా ఆయన హాలుకి ఆ మూల, నేను ఈ మూల. నా గుంపులో బట్టలు కుట్టే అమ్మాయి ఉంది, సంఘపెద్ద ఒకాయన ఉన్నాడు. ఆయన్ని అందరూ గడియారం అంటారు. ఆరాధన ఎంతసేపు జరిగిందీ, టీ ఎంత ఆలస్యమైందీ మణికట్టు చూసి చెబుతూ ఉంటాడు కాబట్టి.

నా వంతు వచ్చింది. అప్పజెప్పినట్టు చెప్పేశాను: "ఎత్తైన గోపురంతో పెద్ద గుడి కట్టుకోవాలండీ."

కుట్టుపని అమ్మాయి నావైపు తిరిగి, "అది అయ్యగారిది కదమ్మా. కొలతలు ఆయనవి. మీదేది?" అంది.

"మా ఇద్దరిదీ ఒకటేనమ్మా."

"ఒకే గుడ్డలో రెండు చొక్కాలు కుట్టినా చేతులు వేరేగా పెడతాం కదండీ."

గడియారం గొంతు సవరించుకున్నాడు. "అమ్మగారిని ఇబ్బంది పెట్టకమ్మా. టీ వేళయింది కూడాను."

ఆ మాటకి నేను మునుపెన్నడూ లేనంత కృతజ్ఞతగా లేచాను. ఆడవాళ్ళందరం వెనక్కి వెళ్ళాం. నీళ్ళు పెట్టి నిలబడ్డాను కానీ ఆ పిల్ల మాట చెవిలో దూరిన చీమలా తిరుగుతోంది. నాదేది? నాకు వేరే కోరిక ఉంటే ఆయన్నుంచి విడిపోయినట్టు కాదూ? విడిపోవడమంటే నాకు చచ్చేంత భయం. ఎన్ని ఊళ్ళు, ఎంతమంది! ఒక ఊళ్ళో హార్మోనియం వాయించే ఆవిడ ఉండేది. నా ప్రాణమే ఆవిడ. మా వీడ్కోలు ఆరాధనకి కూడా నేను ఇలాగే పొయ్యి దగ్గర ఉన్నాను. లోపల ముగింపు ఆశీర్వాదం పలికారు, వెళ్ళేవాళ్ళనీ ఉండేవాళ్ళనీ దేవుడికి అప్పగించారు. నేను ట్రే పట్టుకుని బయటికి వచ్చేసరికి ఆవిడ బండికి టైమైందని వెళ్ళిపోయింది. మళ్ళీ కనబడలేదు. విడిపోయే మనుషులకి గుడి చెప్పే ఒకే ఒక్క మాట ఆ ఆశీర్వాదం. అన్ని ఊళ్ళు వదిలి వచ్చాను, ఒక్క ఊళ్ళోనూ ఆ మాట నా తలమీద పడలేదు.

అప్పుడే హాల్లోంచి మా ఆయన గొంతు గట్టిగా వినిపించింది. గోపురం గురించి చెబుతున్నారు. చప్పట్లు.

కుట్టుపని అమ్మాయి కప్పులు కడుగుతూ పకపకా నవ్వింది. "చూశారా అమ్మగారూ! మన దర్శనం కూడా మనం లేకుండానే తేల్చేస్తున్నారు."

అందరం నవ్వాం. నవ్వుతూ నవ్వుతూనే నేను పొయ్యి కట్టేశాను. కట్టేశానో లేదో మరోసారి చూశాను. చెంగుతో చెయ్యి తుడుచుకుని హాల్లోకి నడిచాను. నా వెనక మిగతావాళ్ళూ.

"నాదొకటుంది" అన్నాను గుమ్మంలోంచే. "ఆశీర్వాదం పలికే వేళకి వెనక గదిలో ఎవరూ ఉండకూడదు. అంతే."

మా ఆయన ముఖం చిన్నబోయింది. "నువ్వు టీ గురించి చెప్తున్నావా?"

"టీ గురించి కాదండీ. చివరిదాకా కూర్చోడం గురించి."

గడియారం లేచాడు. "టీ వేడిగా అందకపోతే జనం ఆగరండీ. జనం ఆగకపోతే ఇంక సహవాసమేదీ?"

"మీరు పెట్టండి అన్నయ్యగారూ, మేం ఆగుతాం" అంది కుట్టుపని అమ్మాయి. హాలంతా గొల్లుమంది. పాస్టరమ్మ మాత్రం నవ్వలేదు. "చివరికొచ్చేసరికి ఇంకెవరెవరు లోపల ఉండటం లేదు?" అని అడిగింది. ఎవరో గేటు దగ్గర కాపలావాడన్నారు. చంటిబిడ్డ ఏడుస్తుంటే పెద్దలు చిరాకుగా చూస్తారని బయటే తిరిగే తల్లులన్నారు. పనిబట్టల్లో వచ్చి ఆఖరి బల్ల మీద కూర్చుని, ఎవరూ పలకరించకముందే జారుకునేవాళ్ళన్నారు. నా చిన్న కోరిక నా చేతుల్లోంచి ఒకరి దగ్గర్నుంచి ఒకరికి వెళ్ళి, పెద్దదై తిరిగొచ్చింది. ఒక పెద్దాయన దాన్ని "సర్వజన సమగ్ర ఆరాధన" అందామన్నాడు. నేను వద్దన్నాను. మా సంఘం దర్శనం ఇలా ఖాయమైంది: చివరిదాకా అందరూ లోపలే. గోపురం మీద చర్చ వాయిదా పడింది.

దారిలో మా ఆయన నాకంటే నాలుగడుగులు ముందే నడిచారు. ఇంటి తాళం తీస్తూ, "నాతో ముందే చెప్పొచ్చుగా" అన్నారు.

"నాకు ముందే తెలీదండీ" అన్నాను. అది నిజం. ఆయన ఎప్పటిలాగే కాఫీ అడిగారు. ఎక్కడికీ పోలేదు, ఆయనా నేనూ.

మరుసటి ఆదివారం పాస్టరమ్మ మా ఆయన్నే ప్రసంగానికి పిలిచింది. క్షమాపణ గురించి మాట్లాడారు. చక్కగా నడిచింది. గొంతు తగ్గింది. "చివరగా, ప్రియులారా..."

ఆడవాళ్ళ బల్లలన్నీ ఒక్కసారి కిర్రుమన్నాయి. అలవాటు కొద్దీ అందరం సగం లేచాం. ఒకరి ముఖాలొకరం చూసుకుని, నవ్వు ఆపుకుంటూ మళ్ళీ కూలబడ్డాం. ఇక అక్కణ్ణుంచి నాకు కొత్త లోకం. చివరగా అన్న తర్వాత ఇంకో ప్రసంగానికి సరిపడా మిగిలి ఉంటుందని నాకు అప్పుడే తెలిసింది. ఇన్నేళ్ళూ టీ చల్లారిపోయింది ఇందుకా అనుకున్నాను.

అప్పుడు ఆయన రెండు చేతులూ వేదిక మీద ఆనించి నెమ్మదిగా అన్నారు: "క్షమించడమంటే మరక వదిలించడం కాదు. మరకున్న చొక్కానే మడతపెట్టి, మిగతా చొక్కాలతో పాటు బీరువాలో పెట్టుకోవడం."

మగవాళ్ళ వైపు నుంచి నిట్టూర్పులు వినిపించాయి. అది నేనన్న మాట. మొన్న బట్టలు మడతపెడుతూ ఆయన చొక్కా సిరామరక చూసి అన్నాను. ఆయన పేపరు వెనక నుంచి "ఊఁ" అన్నారు. గుండెకి తగిలిందని ఊరూరా జనం నా చేతిలోంచి కప్పు అందుకుంటూ చెప్పిన మాటలన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చాయి. బైబిలు ఒళ్ళో పెట్టుకుని నేను ఊహించి, ఆయనకి చెప్పిన ముగింపులన్నీ గుర్తొచ్చాయి. వేదిక మీద మా ఆయన కళ్ళు నా కళ్ళతో కలిశాయి. ఆయన తడబడ్డారు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని, గబగబా ముగించారు.

తర్వాత పాస్టరమ్మ చేతులెత్తి ఆశీర్వాదం పలికింది. గేటు దగ్గరి మనిషి టోపీ తీసి నా వెనకే నిలబడ్డాడు. ఎక్కడో పసిబిడ్డ ఏడుస్తూనే ఉంది, ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. నేను తల వంచి కూర్చున్నాను. హార్మోనియం ఆవిడ ఎక్కడున్నా ఇందులో సగం ఆవిడకి పంపమని దేవుణ్ణి అడిగాను. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే నవ్వొచ్చింది.

వెనక గదిలో అంతా తిరునాళ్ళలా ఉంది. గడియారం పొయ్యి ముందు అగ్గిపుల్ల మీద అగ్గిపుల్ల గీస్తున్నాడు. కుట్టుపని అమ్మాయి "ముందు మీట తిప్పండి అన్నయ్యగారూ" అని నేర్పిస్తోంది. మా ఆయన కప్పులున్న ట్రే పట్టుకుని నా పక్కకొచ్చి నిలబడ్డారు. కప్పులు గలగలలాడుతున్నాయి.

"నువ్వు వింటావనుకోలేదు" అన్నారు, నాకొక్కదానికే వినబడేలా.

"బాగా చెప్పారు" అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఇంతలో పాస్టరమ్మ మాకేసి వచ్చి, "అయ్యగారూ, వచ్చే నెల కూడా ప్రసంగం మీదే" అంది. ఆయన నా ముఖం చూశారు. ఇన్నేళ్ళలో జవాబు కోసం ఆయన నా ముఖం చూడటం అదే మొదలు. నేను ఆయన చేతుల్లోంచి ట్రే తీసుకోలేదు.

"చివరగా అనేదాకా ఆయన చెప్తారమ్మా" అన్నాను. "ఆ తర్వాతది నేను చెప్తాను."