తాగుబోతు చొక్కా

మేకప్ మనిషి సీసా మూత తీసి స్వామిదాసు చొక్కా మీద విస్కీ చల్లాడు. చంకల దగ్గర, కాలరు మీద, గుండీలు ఊడిన రొమ్ము మీద. స్వామిదాసు ముక్కు మూసుకుని తల పక్కకు తిప్పుకున్నాడు.

"నీళ్లు జల్లరాదుర? సినిమాల వాసనొస్తదా?"

"డైరెక్టర్ సార్‌కు ఫీల్ కావాల్నంట తాతా. జర ఓర్చుకో."

ఆ చొక్కాను ఉతకనివ్వరు. మొన్నటి షాటులో పడ్డ బురద, నిన్నటి చెమట, ఎక్కడివక్కడ ఉండాలి. ఎండకు అది అట్ట కట్టి మెడను కోస్తోంది. కళ్ల కింద ఎర్ర రంగు, చెంపల మీద మసి వాళ్లవి. మాసిన గడ్డం మాత్రం అతనిదే. గీసుకోవద్దని సినిమావాళ్ల హుకుం. ఆదివారం ఆలూరు చర్చిలో ఆ గడ్డం గోక్కుంటూనే ప్రార్థన చేస్తాడు. ఆడవాళ్ల వైపు కూర్చున్న భార్య మారెమ్మ ఇటు తిరిగి చూడదు.

స్వామిదాసు పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. తండ్రి తాగి తాగి చచ్చాడు. డప్పు బాగా కొడతాడని ఒకసారి సినిమాకు పిలిచి, మొహం చూసి తాగుబోతు వేషం ఇచ్చారు. తూలమంటే తూలాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అది చిన్నప్పుడు రోజూ మాపటేళ వాకిట్లో చూసిన తండ్రి నడకేనని ఎవరికీ చెప్పలేదు. అప్పటి నుంచి ఏ సినిమా అయినా అదే వేషం. చేవెళ్ల బస్టాండులో పిల్లలు "క్వార్టర్ తాతా!" అని కేకలేస్తారు. అతని డప్పు మోత మాత్రం ఏ సినిమాలోనూ వినబడలేదు. స్టూడియోలో ఇంకెవరో కొట్టింది దాని మీద అతికిస్తారు.

ఇవాళ్టి షూటింగు అజీజ్‌నగర్‌లోని ఓ ఫామ్‌హౌస్‌లో. హీరో తండ్రి చచ్చిపోయాడు. పాడె ముందు స్వామిదాసు తూలుతూ డప్పు కొట్టాలి. పాడె మీది శవం లేచి కూర్చుని, ముక్కులో దూది అట్లాగే ఉంచుకుని బిర్యానీ తింటోంది. స్వామిదాసు మొహం తిప్పుకుని ఒళ్లోని తన డప్పును నిమిరాడు. దానికి మేకతోలు మూసి బిగించింది చిన్న మంగళారం ఊరి కొమురయ్య. ఇద్దరూ జోడీ. స్వామిదాసు ఒక వరుస కొట్టి ఆగితే, ఆ సందులో కొమురయ్య జవాబు కొట్టేవాడు. పెళ్లయినా చావయినా చుట్టుపక్కల ఊళ్లలో ఆ జోడీనే పిలిచేవాళ్లు. ఊపిరి అందని జబ్బుతో కొమురయ్య మంచం పట్టాక జవాబు ఆగిపోయింది. "ముందుగాల ఎవలు పోయినా, రెండోటోడు బొందకాడిదాంక కొట్టాలె" అని ఎప్పుడో అనుకున్న మాట మాత్రం ఉంది.

రొంటిలో ఫోను మోగింది. కొమురయ్య భార్య కృష్ణమ్మ.

"అన్నా, నీ దోస్తు పోయిండే. పొద్దు గూకకముందే తీస్తరంట. జల్ది రా."

"వస్తున్న చెల్లె."

లేచి, షాట్లు చూసే జనార్దన్‌కు సంగతి చెప్పాడు.

"ఒక్క షాటు తాతా. హీరో వచ్చి కూసున్నడు. అయిపోంగనే నేనే బండి మీద దింపుత."

అని అతని డప్పు పక్కన పెట్టించి, పూలు వేసిన కొత్త డప్పు చేతికిచ్చాడు. కెమెరాలో మంచిగా కనబడుతుందట. స్వామిదాసు మనసు మంగళారంలో ఉంది. ఎదురుగా షాటు కోసం అంటించిన గడ్డిమంట ఉంది. కాగితేనే తోలు పలుకుతుంది. చెయ్యి తనంతట తానే డప్పును మంటకు పట్టింది.

అది తోలు కాదు, ప్లాస్టిక్. జివ్వున ముడుచుకుని, నడుమ బొక్కపడి, నల్లగా కారింది. ఆ కంపుకు అందరూ ముక్కులు మూసుకున్నారు. ఆ తర్వాత పగలబడి నవ్వారు. నోట్లోంచి మెతుకులు పడేలా శవమూ నవ్వింది.

డైరెక్టర్ వరప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. "ఇదీ కావలసింది! మత్తులో డప్పు కాల్చేసుకునే తాగుబోతు! ఇంకోటి ఉందా?"

లేదన్నారు. అతని చూపు తోలు డప్పు మీద పడింది. "అదే కాల్చు. బొక్క పడేదాకా మంటలో ఉంచు. నీకు కొత్తది కొనిస్తాం."

"సారూ, ఇది మూసినోడు ఇయ్యాల్నే సచ్చిండు."

"అయ్యో! ఆ బాధనే వాడుకో తాతా. మొహంలోకి రానీ."

స్వామిదాసు మంటలో కాండ్రించి ఉమ్మి, తన డప్పు భుజాన వేసుకుని గేటు వైపు నడిచాడు.

"తాతా, చొక్కా! చొక్కా ఇచ్చిపో! రేపటి షాటుకు కావాలె!" జనార్దన్ వెనకనుంచి అరిచాడు.

తాగినోళ్లను ఎక్కించుకోనని ఆటోవాడు వాసన చూసి పోయాడు. చాలా దూరం నడిచాకే ఒక ట్రాక్టరు దొరికింది.

మంగళారం బొందలగడ్డలో శవాన్ని అప్పటికే బొంద పక్కన దించారు. కొమురయ్య కొడుకు నర్సింహులు అడ్డమొచ్చాడు.

"గియ్యాల సుత తాగొచ్చినవా పెద్దబాపూ? సినిమాల ఏసమే అనుకున్న. నిజంగనే గిట్లయితివా?"

"నేను తాగలే."

ప్రతి సినిమాలో తూలుతూ అతను చెప్పే మాట అదే. గుంపులో ఎవరో కిసుక్కున నవ్వారు. స్నేహితుడి శవం పక్కన. స్వామిదాసు చొక్కాకు మిగిలిన గుండీలు విప్పే ఓపిక కూడా లేక చింపినట్టు లాగి, తుమ్మకంప మీదికి విసిరికొట్టాడు. తుండుగుడ్డ బోరింగు కింద తడిపి మొహం, రొమ్ము రుద్దుకున్నాడు. ఎర్ర రంగు పూర్తిగా పోలేదు. రొమ్ము ఎముకలు మాత్రం శుభ్రంగా బయటపడ్డాయి.

"కొట్టనియ్యి కొడుకా," అంది కృష్ణమ్మ. "మీ బాపు తాగిన్నాడల్ల ఇంటికి మోసుకొచ్చింది గీ అన్ననే."

నర్సింహులు తప్పుకున్నాడు. స్వామిదాసు ఎండుగడ్డి అంటించి డప్పు కాచాడు. వేలితో తట్టాడు. పలికింది. ఒక వరుస కొట్టాడు. చెయ్యి అలవాటుగా ఆగింది. ఆ సందులో మట్టిపెళ్లలు బొందలో పడ్డ చప్పుడు. మళ్లీ కొట్టాడు, మళ్లీ ఆగాడు. బొంద పూడేదాకా అట్లాగే.

తిరుగుదారిలో తుండు కప్పుకుని మొయినాబాద్‌లో మంగలి కుర్చీలో కూర్చున్నాడు.

"సినిమావాళ్లు తిట్టరా తాతా?"

"గీకు బిడ్డా. మొత్తం గీకు."

ఇల్లు చేరేసరికి మారెమ్మ గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. తలెత్తి అతని నున్నటి చెంపల్ని చూసింది.

"గిన్నేండ్లు ఇంట్ల తాగి సచ్చిన మా మామ తిరిగినట్టే ఉండె," అంది. "ఇగ లోపట్కి రా."

మంగళారంలో, తుమ్మకంపకు చిక్కిన ఆ చొక్కా గాలి వచ్చినప్పుడల్లా ముందుకు తూలి, ముళ్లు పట్టి లాగితే వెనక్కి ఒరుగుతోంది.