ఉత్తచేతుల సేద్యగాడు

రొంపిచెర్లలో జ్యోతిర్మయిది ఇంటి నుంచే ఉద్యోగం. హైదరాబాదు కంపెనీ వాళ్ల ఆన్‌లైన్ ఆట ఒకటుంది. అందులో కత్తులు పట్టే యోధులదొక వర్గం, కత్తి ముట్టని సేద్యగాళ్లదొక వర్గం. ఒకళ్లనొకళ్లు మింగెయ్యకుండా ఇద్దరి బలాలూ సరిచూడటం ఆమె పని. ఊళ్లో రెండు వర్గాల మధ్య ఎవరివల్లా కాని పని ఈ పిల్ల కంప్యూటర్లో చేస్తోందని పక్కింటి ఖాతూన్ బీ ఎగతాళి. నిజమేగా మరి!

రోజూ పొద్దున ఆరింటికి ఆమె తమ్ముడు తరుణ్ ఆ ఆటలో మిరపచేలోకి దిగేవాడు. తరుణ్ చనిపోయి ఏడాదయింది. ఆఫీసు వాళ్లిచ్చిన లాప్‌టాప్‌లో తప్ప ఇంకెందులోనూ కనపడేవాడు కాదు. తల్లి పద్మజ దాని పక్కన కాఫీ పెట్టేది, కాసేపటికి గ్లాసు ఖాళీ.

"మీవాడి చేలో నల్లి పురుగు తగ్గిందా పద్మజా?" అని ఖాతూన్ బీ గోడ మీంచి అడిగేది.

"తగ్గిందక్కా. ఇంకో వారంలో కోతకొస్తది."

అట్లా ఉండగా మేనేజరు అభిరామ్ ఫోన్ చేశాడు. "యోధులు విసుగెత్తి మానేస్తున్నారండీ. శుక్రవారం నుంచి వాళ్లని సేద్యగాళ్ల చేల మీద పడనిద్దాం. చచ్చిన సేద్యగాడు మళ్లీ రాడు. ఆ మేరకు మార్చండి."

జ్యోతిర్మయి ఫోన్ పెట్టేసింది. వాడు మిగిలితే చాలు దేవుడా అనుకుని, తరుణ్‌ని గుట్టుగా యోధుల్లోకి మార్చేసింది. చేతికి కత్తిచ్చింది.

మర్నాడు తరుణ్ ఆ కత్తిని గట్టు మీద పెట్టి, తల వంచుకుని కూర్చున్నాడు. కాఫీ ముట్టలేదు. పద్మజ చూసింది.

"ఏమే, మళ్లీ ఇచ్చావా వాడి చేతికి?"

ఆ 'మళ్లీ' అన్న మాట జ్యోతిర్మయికి తగిలింది. పోయినేడు ఊళ్లో రెండు వర్గాలూ కొట్టుకున్న రోజు తరుణ్ చేలోంచి ఉత్తచేతుల్తో వస్తున్నాడు. దెబ్బలకి అడ్డం పెట్టుకుంటాడని ఎదురెళ్లి కర్ర ఇచ్చింది తనే. ఆ కర్ర చూసే, కొట్లాటకొచ్చాడనుకుని అవతలివాళ్లు తల పగలగొట్టారు. ఆ సంగతి ఎవరికీ తెలీదనుకుంది.

"నీకు తెలుసా అమ్మా?"

"గుమ్మంలోనే ఉన్నాగదే. అసలే చచ్చి బతుకుతున్నావు, ఏమని అడిగేది నిన్ను?"

జ్యోతిర్మయి లాప్‌టాప్ దగ్గరికి జరిగింది. కత్తి తీసేసి తమ్ముణ్ని సేద్యంలోకి తెచ్చింది. ఎవర్నీ అడక్కుండా ఆటలో కొత్త నియమం రాసింది. ఉత్తచేతులవాడి మీద కత్తి లేవదు. యోధుడికి ఆకలేస్తే, కత్తి దించి చేలో పనిచేస్తేనే తిండి. ఉద్యోగం పోద్దని తెలుసు. ఉద్యోగంతోపాటు లాప్‌టాప్, లాప్‌టాప్‌తోపాటు తరుణ్ కనపడకుండా పోతాడనీ తెలుసు.

ఆదివారానికల్లా అభిరామ్ ఫోన్. "జనానికి తెగ నచ్చిందండీ, నియమం తియ్యం. కానీ అడక్కుండా రాశారు. రేపటితో మీ పని అయిపోయినట్టే. లాప్‌టాప్ పంపించెయ్యండి."

సోమవారం పొద్దున తల్లీకూతుళ్లు లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. పదిమంది యోధులు గట్టు మీద కత్తులు పడేసి మిరపకాయలు కోస్తున్నారు. తొడిమ ఊడకుండా ఎట్లా తుంచాలో తరుణ్ ఒక్కొక్కళ్ల దగ్గరికీ పోయి చూపిస్తున్నాడు.

"ఇంక వాణ్నెవరూ కొట్టరుగా?" అంది పద్మజ.

"కొట్టరమ్మా."

"మనకి కనపడడు. అంతేగా?"

"అంతేనమ్మా."

లాప్‌టాప్ ఆపడానికి జ్యోతిర్మయికి చెయ్యి రాలేదు. పద్మజే మూత వేసింది. వేసి, బిడ్డ తల ఒళ్లోకి తీసుకుంది.

"ఇప్పుడేడువే," అంది.

చనిపోయిన మర్నాటి నుంచీ రోజూ కనపడుతున్నాడు గనక, ఆ ఇంట్లో తరుణ్ కోసం ఎవరూ ఏడవలేదు. ఆ పొద్దున ఇద్దరూ ఏడ్చారు.