బెజ్జం లేని సూదులు

చిన్న టైలరు నేల మీద పారేసిన విరిగిన సూది పెద్ద టైలరు కుడికాలి బొటనవేల్లో దిగింది. ఆరేళ్ళయింది. ఇంకా అక్కడే ఉంది. ఇందులో వాదించడానికేమీ లేదు.

వాదించినవాళ్ళు లేకపోలేదు. ఎక్స్‌రే తీసినవాడు సూది కనబడలేదన్నాడు. వాడి పంట్లాములు కుట్టేది చిన్న టైలరే కాబట్టి ఆ సాక్ష్యం చెల్లదన్నాడు పెద్ద టైలరు. ఇంకో డాక్టరు, సూది దిగితే చర్మం మీద గాటేదని అడిగాడు. నీ బుర్రలోకి చదువు దిగినప్పుడు గాటు పడిందా అని ఎదురడిగి, చెప్పు కాలికి పట్టక చేత్తో పట్టుకుని ఇంటికొచ్చేశాడు.

పెద్ద టైలరూ చిన్న టైలరూ తోడల్లుళ్ళు. అక్కను ఒకరు, చెల్లెల్ని ఒకరు చేసుకున్నారు. ఒకే షాపులో పక్కపక్కనే కూర్చుని పని చేసేవారు. కొలిచేదీ కత్తిరించేదీ పెద్దాయన. కుట్టేదీ, కాజాలు తీసేదీ చిన్నాయన. కాజాలంటే ఆయనవే కాజాలు, గుండీ తనంతట తానే వెళ్ళి కూర్చునేది.

ఒకరోజు చిన్న టైలరు మెషీను మీద సూది విరిగింది. ముక్క దొరకలేదు. మర్నాడు తెల్లవారేసరికి పెద్ద టైలరు బొటనవేలు ఎర్రబల్బులా వెలుగుతోంది. దుప్పటి అంచు తగిలినా ప్రాణం పోయేంత నొప్పి. ఆయన చదివింది పల్లెబడిలోనే అయినా రెండూ రెండూ కలిపితే ఎంతో తెలియకపోలేదు.

"నీ మెషీను నువ్వు పట్టుకుపో," అన్నాడు తోడల్లుడితో.

"వెతికాను అన్నయ్యా," అన్నాడు చిన్న టైలరు. ఎదురు చెప్పే రకం కాదు. మెషీను మోయించుకుని వెళ్ళి తన ఇంటి ముందుగదిలో పెట్టుకున్నాడు.

అప్పట్నుంచీ ఏటా రెండుమూడుసార్లు ఆ వేలు మండుతూనే ఉంది. మండినప్పుడల్లా పెద్ద టైలరు తోడల్లుణ్ణి తిట్టేవాడు. భార్య వాతమంది. చిక్కుళ్ళూ బఠాణీలూ పాలకూరా ఇంట్లోకి రానివ్వలేదు. వాతమో గీతమో, మా చెల్లెలి మొగుణ్ణి మాత్రం షాపుకి పిలవమని పోరింది. పట్టిన కుందేటికి మూడే కాళ్ళన్నాడాయన. ఆవిడ పోరీపోరీ ఒకనాడు పోయింది. ఆ రోజు చేయవలసినవన్నీ చిన్న టైలరే దగ్గరుండి చేశాడు. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి చేతిలో పెట్టాడు. పెద్ద టైలరు నీళ్ళు తాగాడు, మాట్లాడలేదు. నీళ్ళు వేరు, సూది వేరు.

రెండిళ్ళకీ మధ్య తిరిగే మనిషి ఒక్కతే, చిట్టి. చిన్న టైలరు కూతురు. పెద్ద టైలరుకి పిల్లల్లేరు. చిట్టి ఆయన కత్తిరింపు బల్ల కింద సుద్దముక్కలతో గీతలు గీస్తూ పెరిగింది. ఇప్పుడు డాక్టరయింది. పెద్దాసుపత్రిలో కీళ్ళ జబ్బుల మీద పరిశోధన చేస్తోంది. షాపుకొచ్చినవాళ్ళతో పెద్ద టైలరు "మా అమ్మాయి" అని చెబుతాడు. తండ్రెవరని ఎవరైనా అడిగితే మాత్రం ఆయనకి ఉన్నట్టుండి కొలత టేపు కనబడదు.

మళ్ళీ వేలు వాచిన ఒక ఉదయం చిట్టి వచ్చింది. పెదనాన్న కాలు స్టూలు మీద పెట్టుకుని చెమటలు కక్కుతున్నాడు.

"ఫ్యానెందుకు ఆపావు పెదనాన్నా?"

"గాలి తగులుతోంది."

"గాలి తగలడానికే కదా ఫ్యాను."

"వేలికి."

చిట్టి నేల మీద కూర్చుని వేలిని ముట్టుకోకుండా అన్నివైపుల నుంచీ చూసింది. "ఇది గౌటు పెదనాన్నా. ఎన్నిసార్లు చెప్పాను?"

"గౌటూ లేదు, గీటూ లేదు. సూది."

"సరే, తీసి చూస్తే పోలా? కీలులోంచి చుక్క నీరు లాగి మైక్రోస్కోపు కింద పెడతాను. ఏముందో అదే చెబుతుంది."

"దేంతో లాగుతావు?"

"సూదితో."

"బాగుంది. మీ నాన్న ఒకటి దించాడు, నువ్వు రెండోది దించు."

"నువ్వు మూడోది కూడా దించుకోగలవు, అంత మొండివాడివి. వస్తావా, రావా?"

పెద్ద టైలరు ఆలోచించాడు. "సూది కనబడితే మీ నాన్న షాపుకొచ్చి పదిమంది ముందు తప్పొప్పుకోవాలి."

"ఒప్పుకుంటాడు. కనబడకపోతే నాన్న మెషీనుతో సహా షాపుకి తిరిగొస్తాడు."

"నీ ఇష్టం," అన్నాడాయన. గెలిచే పందేనికి ఎన్ని షరతులుంటే ఏం?

ఆసుపత్రిలో వేలికి మత్తుమందు ఇచ్చి నీరు తీశారు. ఆయన ఒక్కసారే అరిచాడు, అది కూడా తోడల్లుడి పేరు పెట్టి. ఆ చుక్కను గాజుపలక మీద వేసుకుని చిట్టి చీకటిగా ఉన్న చిన్న గదిలోకి వెళ్ళి మైక్రోస్కోపు మీదికి వంగింది. ఆయన కుంటుకుంటూ వెనకే వెళ్ళాడు.

"అబ్బ! ఎన్ని సూదులో!" అంది చిట్టి.

వాళ్ళ పనిలో అలాగే అంటారు. ఆ మాట ఎవరి చెవిన పడుతోందో ఆ పిల్ల చూసుకోలేదు. పెద్ద టైలరు ఒంటికాలి మీద తలుపు దగ్గరికి గెంతి బార్లా తెరిచాడు. వరండాలో మోకాళ్ళ నొప్పులవాళ్ళూ మోచేతుల నొప్పులవాళ్ళూ వరసగా కూర్చున్నారు.

"సూదులున్నాయి! డాక్టరమ్మే చెప్పింది!"

"అయ్యయ్యో, ఎవరు గుచ్చారు బాబాయ్?" అందొకావిడ.

"మా తోడల్లుడు!"

"తోడల్లుళ్ళందరూ అంతే," అన్నాడు మోకాలికి పట్టీ కట్టుకున్న పెద్దమనిషి. ఆయనకి ఆయన కారణాలున్నట్టున్నాయి.

చిట్టి ఆయన్ని చొక్కా పట్టుకుని లోపలికి లాగి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టింది. "నీ కళ్ళతో నువ్వే చూడు. తర్వాత ఊరంతా చాటుకో."

చూశాడు. సన్నటి పుల్లలు అడ్డదిడ్డంగా పడున్నాయి. కొన్ని పసుపు, కొన్ని నీలం. చిట్టి పలకను మెల్లగా తిప్పింది. పసుపుది నీలమైంది, నీలంది పసుపైంది.

"అలా రంగు మారిందంటే అవి యూరిక్ యాసిడ్ సూదులని మాకు రుజువు," అంది.

పెద్ద టైలరు బతుకంతా సూదిలో దారం ఎక్కించినవాడు. ఒక్కొక్కదాన్నే ఈ కొస నుంచి ఆ కొసదాకా పట్టి చూశాడు. చాలాసేపటికి తలెత్తాడు.

"చిట్టీ, వీటికి బెజ్జమేదీ?"

"బెజ్జమా?"

"రెండువైపులా మొనే ఉంది. దారం ఎక్కడ ఎక్కిస్తారు? ఇలాంటి సూది ఏ కొట్లోనూ అమ్మరే!"

చిట్టి నవ్వాపుకుంది. "అమ్మరు పెదనాన్నా. నీ ఒంట్లోనే తయారయ్యాయి."

ఆయనకి అర్థమయ్యేలా చెప్పింది. ఒంట్లో పాత కణాలు విరిగినప్పుడూ, తిన్నది అరిగినప్పుడూ యూరిక్ యాసిడ్ పుడుతుంది. అందరికీ పుడుతుంది. మూత్రపిండాలు దాన్ని బయటికి పంపుతుంటాయి. ఆయనవి సరిగ్గా పంపక దాచుకుంటున్నాయి. రక్తంలో అది మితిమీరి నిలవుంటే కీళ్ళలో ఇలా సూదులై పేరుకుంటుంది. వాటిని మింగేద్దామని తెల్లకణాలు పరిగెత్తుకొస్తాయి. అవి చేసే గొడవే ఆ మంటా, వాపూ.

"బొటనవేలే దొరికిందా దానికి?"

"ఒంట్లో చల్లటి మూల అది. వేన్నీళ్ళలో ఎక్కువ ఉప్పు కరిగిస్తే చల్లారాక అడుగున పేరదూ? అలాగనుకో."

"మరి ఎక్స్‌రేలో పడలేదేం?"

"ఇంత సన్నటివి ఎక్స్‌రేకి ఆనవు. పాపం ఆయన అబద్ధం చెప్పలేదు."

"నాకే ఎందుకు రావాలి?"

"చాలావరకు పుట్టుకతో వచ్చే గుణమేనని పరిశోధనల్లో తేలుతోంది. మీ నాన్నగారూ కుంటేవారటగా."

"మా నాన్న కాలి మీద బండెక్కింది."

"బండెక్కింది ఎడమకాలి మీద, కుంటింది కుడికాలు. పెద్దమ్మ చెప్పింది."

పెద్ద టైలరు చిన్నప్పుడు ఆ బండివాణ్ణి వాళ్ళ నాన్న తిట్టే తిట్లు ఆయనకి వరసగా గుర్తే. ఏ కాలని ఎన్నడూ అడగలేదు.

"చిక్కుళ్ళు తినొచ్చు," అంది చిట్టి. "బఠాణీలూ పాలకూరా కూడా. వాటివల్ల గౌటు పెరిగినట్టు ఎక్కడా తేలలేదు. షాపులో రోజూ తాగుతావే ఆ తియ్యటి రంగు సోడా, అది మానెయ్. అది నిజంగా పెంచుతుంది."

భార్య పోయాక అలవాటైంది ఆ సోడా. వద్దనేవాళ్ళు లేక.

"సోడా మానేస్తాను. చిక్కుళ్ళు తినను."

"ఏం కాదంటున్నానుగా?"

"మీ పెద్దమ్మ మానమంది."

చిట్టి ఆయన చెయ్యి పట్టుకుంది. అదే అదనని ఆయన లేచి నిలబడ్డాడు.

"పందెం నాదే. సూదులున్నాయన్నావు, నీ నోటితోనే."

"పెదనాన్నా! ఇవి ఆ సూది కాదు!"

"ఏ సూది అని పందెంలో చెప్పుకోలేదు."

చిట్టికి కోపమొచ్చింది. వాపు తగ్గే మాత్రలూ, ఆ తర్వాత కూడా రోజూ వేసుకోవలసిన మాత్రలూ ఆయన జేబులో కుక్కింది. "రక్తపరీక్షలో యూరిక్ యాసిడ్ ఆరుకి కిందికి రావాలి, వచ్చి అక్కడే ఉండాలి. అప్పుడు ఆ సూదులు మెల్లగా కరుగుతాయి. లేదంటే కీలు తినేస్తాయి. కాలితో ఆగదు, చేతివేళ్ళకీ గడ్డలొస్తాయి. కత్తెర పట్టలేవు. అర్థమైందా?"

కత్తెర మాటకి ఆయన మొహం మారింది. అయినా అన్నాడు. "మీ నాన్న వచ్చి ఒప్పుకున్నాకే మాత్ర."

ఇంటికొచ్చి కాలు స్టూలెక్కించాడు. వేలు మండుతోంది. అలవాటుగా తిట్టబోయి ఆగాడు. ఇన్నాళ్ళూ తిట్టడానికి ఒక మనిషుండేవాడు. సగం నొప్పి ఆ తిట్లతోనే దిగేది. ఇప్పుడు మూత్రపిండాల్ని తిట్టాలా? అవి వింటాయా? పోయిన నాన్నని తిట్టాలా? అరవడానికి ఎవరూ లేక ఆ పూట నొప్పి రెండింతలైంది. మాత్రలు జేబులోనే ఉన్నాయి. మాటంటే మాట.

మర్నాడు షాపులో ఒక లెక్కల మాస్టారు కోటు తొడిగి చూసుకుంటున్నాడు. ఒక డ్రైవరు యూనిఫారం కోసం నిలబడ్డాడు. గుమ్మంలో ఎవరో దగ్గారు. చిన్న టైలరు. ఉతికిన చొక్కా, చక్కగా దువ్విన తల. ఆ తల సగానికిపైగా నెరిసింది. ఎప్పుడు నెరిసిందో పెద్ద టైలరు చూడలేదు.

"అన్నయ్యా," అన్నాడు. గోడవైపు చూస్తూ, అప్పజెప్పే పిల్లవాడిలా మొదలెట్టాడు. "ఆ రోజు సూది విరిగింది నా చేతిలోనే. ముక్కని నేనే నేల మీద పారేశాను. బద్ధకించి వెతకలేదు. అది నీ కాల్లో దిగింది. తప్పు నాదే."

మాస్టారు కోటు చేతిలో చెయ్యి దూర్చి ఆగిపోయాడు. డ్రైవరు చిన్న టైలరుని కిందినుంచి పైదాకా చూశాడు. "ఎంత పనిచేశావయ్యా," అన్నాడు.

ఆరేళ్ళుగా ఈ మాటలు వినాలనే పెద్ద టైలరు కోరిక. ఎవరి ముందు వినాలో, విన్నాక ఏమనాలో కూడా కుట్టి పెట్టుకున్నాడు. తీరా విన్నాక, ఇంకొకరి కొలతకి కుట్టిన కోటు తొడుక్కున్నట్టుంది. ఎక్కడా పట్టదు.

"వెతకలేదా?" అన్నాడు.

"లేదన్నయ్యా."

"అయస్కాంతం పట్టుకుని, ఈ బల్లకిందా ఆ మెషీన్లకిందా మోకాళ్ళ మీద పాకింది ఎవరు? షాపు మూసేవేళ దాకా పాకింది ఎవరు? నేనా?"

చిన్న టైలరు తడబడ్డాడు. "అది... ఊరికే... అంత గట్టిగా వెతకలేదులే."

"నా షాపులో నిలబడి నా మొహం మీద అబద్ధమా? అదైనా సరిగ్గా కుట్టావా? ఎక్కడికక్కడ ఊడిపోతోంది. కాజాలు తప్ప ఏదీ చేతకాదు నీకు!"

"మాత్ర వేసుకో అన్నయ్యా," అన్నాడు చిన్న టైలరు. "నీ చేతులు పోతాయని చిట్టి అన్నం కూడా తినలేదు. ఇంకేం ఒప్పుకోమంటే అది ఒప్పుకుంటాను. నువ్వే రాసియ్యి, చదువుతాను."

పెద్ద టైలరు జేబులోంచి మాత్ర తీసి నోట్లో వేసుకుని, నీళ్ళు లేకుండానే మింగాడు. గొంతులో అడ్డంపడినట్టుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మాత్ర వల్లే. తుడుచుకుని మాస్టారువైపు తిరిగాడు.

"ఏ సూదీ లేదు. ఈయన మా తోడల్లుడు. మీ కోటుకి కాజాలు ఈయన తీస్తారు. ఇన్నాళ్ళూ నేను తీసినవి చూశారుగా, ఇక మీ అదృష్టం."

"అయితే అన్నయ్యా, ఆ సూది సంగతి..."

"మళ్ళీ ఎత్తావంటే వాచిన కాలితోనే తంతాను. కూర్చో."

నెల తిరక్కుండా వేలు మళ్ళీ వాచింది. ముందుగానే చెప్పాను కదా అంది చిట్టి. పాత సూదులు కరిగేటప్పుడు కదిలి మొదట్లో ఇలా రేపుతాయట. మందే నొప్పి తెచ్చిందనుకుని చాలామంది అక్కడే మానేస్తారట. ఎందుకు మానేస్తారో, ఎలా ఆపాలో అన్నదే చిట్టి పరిశోధన. పెద్ద టైలరు మానలేదు. మందుని తిట్టాడు, ఆసుపత్రిని తిట్టాడు, కాజా దగ్గరగా తీశావని తోడల్లుణ్ణి తిట్టాడు, మాత్ర మాత్రం రోజూ మింగాడు. కొన్నాళ్ళకి యూరిక్ యాసిడ్ ఆరుకి కిందికి దిగింది. వేలు ఊరుకుంది.

ఒకసారి చిట్టి తన పరిశోధనలో భాగంగా ఆయన్నీ మిగతా రోగులతోబాటు కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. వయసెంత, మాత్ర ఎప్పుడు వేసుకుంటారు, నిద్రెలా ఉంది. అన్నిటికీ బుద్ధిగా చెప్పాడు.

"మొట్టమొదటిసారి నొప్పొచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందనుకున్నారు?" అనడిగింది చిట్టి, నవ్వు బిగబట్టి.

"తర్వాతది అడుగు."

"పెదనాన్నా, ఇది పరిశోధన. అందరూ చెప్పారు. ఒకాయన చెప్పులోని మేకన్నాడు, ఒకావిడ ఆడపడుచు దిష్టంది. నువ్వూ చెప్పాలి."

"ఆ సంగతి నేను మాట్లాడను. నీతో కాదు, మీ నాన్నతో కాదు, ఎవరితోనూ కాదు. చచ్చేదాకా మాట్లాడను. తర్వాతది అడుగుతావా, లేచిపోనా?"