కాలె లార్గా ఎక్కడ?

వెనిస్‌లో దారి తప్పినవాళ్ళంతా తిరిగి తిరిగి చివరికి ఓర్సొలా కొట్టు ముందు తేలేవారు. సాంతా మరియా ఫొర్మోజా చర్చి ముందున్న కాంపోలో, అంటే నాలుగు పక్కలా ఇళ్ళున్న ఖాళీ జాగాలో, ఆవిడకి పేపర్లమ్మే బడ్డీ ఉండేది. పేపరు కొనేవాడు ఒకడైతే దారి అడిగేవాళ్ళు పదిమంది. అడిగిన ప్రతివాడినీ విసుక్కునేది, విసుక్కుంటూనే చెప్పేది. ఆ ఊళ్ళోనే పుట్టి యాభై ఆరేళ్ళుగా అక్కడే తిరుగుతున్న మనిషి. "కళ్ళకి గంతలు కట్టి ఏ వంతెన మీద వదిలినా మా ఇంటికి వచ్చేస్తాను" అని కాయగూరల బోర్తొలో దగ్గర గొప్పలు పోయేది.

నవంబరు నెల. పొగమంచు ఇంకా విడలేదు. చర్చి గంట పది కొట్టేవేళకి ఒక ముసలావిడ కొట్టు ముందుకొచ్చి నిలబడింది. పొట్టి మనిషి, మెడకి ఎర్ర మఫ్లరు, చేతిలో మందుల షాపు సంచీ. పేరు నేలిదా, పెరూ దేశం నుంచి వచ్చింది. మాట్లాడేది స్పానిష్.

"తల్లీ, కాయె లార్గా ఎక్కడమ్మా?"

ఓర్సొలాకి ప్రాణం లేచొచ్చింది. పొద్దున్నుంచి అందరూ ఇంగ్లీషులో అడుగుతుంటే చేతులూపి చెప్పి చెప్పి భుజాలు పీకుతున్నాయి. ఈవిడ మాట సగానికి సగం తమ మాటలాగే ఉంది. ఆవిడ 'కాయె' అంటే వెనిస్‌లో 'కాలె' అంటారు, తేడా అంతే. కాలె అంటే సందు, కాలె లార్గా అంటే వెడల్పాటి సందు. రెండు మూరల సందులున్న ఊరు కనుక, కాస్త వెడల్పున్న ప్రతి సందుకీ ఆ పేరే పెట్టి చేతులు దులుపుకున్నారు పూర్వులు.

"ఏ లార్గా అక్కా? మా ఊళ్ళో లార్గాలు ఒకటా రెండా?"

"చాలా లార్గా తల్లీ. నిన్న వచ్చినప్పుడు ఆ సందులో పెట్టె లాగలేక చచ్చాననుకో. ఆకుపచ్చ తలుపు, దగ్గర్లో వంతెన, కాలవ..."

పక్కనే క్యాబేజీలు సర్దుతున్న బోర్తొలో తల తిప్పాడు. "ఇంకేం, దొరికేసినట్టే! వెనిస్‌లో వంతెనా కాలవా ఉన్న ఇల్లు అదొక్కటే కదా!"

"నువ్వు నోర్ముయ్యి," అంది ఓర్సొలా.

నేలిదా నవ్వలేదు. సంచీలోంచి ఇన్హేలర్ డబ్బా తీసి చూపించింది. భర్త ఫెర్మిన్‌కి ఉబ్బసం. ఊరి నుంచి తెచ్చుకున్న మందు రాత్రి అయిపోయింది. పది నిమిషాల్లో వస్తానని చెప్పి పొద్దున్నే బయల్దేరింది. అద్దె గదికి నిన్న వానలో గొడుగు కింద తలవంచుకుని వచ్చారు కాబట్టి దారి చూడలేదు. పొద్దున గుమ్మం దిగి అటో ఇటో తిరిగింది, మందుల షాపు దొరికింది, ఇల్లు పోయింది. ఇల్లుగలాయన పేరు తెలీదు. చిరునామా రాసిన కాగితం గదిలో బల్ల మీదే ఉండిపోయింది. సందు పేరు అడిగితే లార్గా అంటోంది. రెండు గంటలుగా నడుస్తోందట.

"పోలీసులకి చెప్పవే," అన్నాడు బోర్తొలో.

"వాళ్ళే నన్ను దారి అడుగుతారు," అని ఓర్సొలా కొట్టు రెక్కలు దించేసి తాళం వేసింది. ముప్పై ఏళ్ళలో పట్టపగలు ఆ రెక్కలు దించడం వాళ్ళమ్మ పోయిన రోజు ఒకసారి, మళ్ళీ ఈ రోజు. "పద అక్కా. అంత పెద్ద లార్గా అంటే సాన్ మార్కో చర్చి పక్కదే. ఎంత, ఆరు నిమిషాలు."

ఆరు నిమిషాలు తనకి. నేలిదా మోకాళ్ళకి అది పదిహేను. పైగా దారిలో వంతెన మీద ఒక యాత్రికుల గుంపు ఫొటోలకి నిలబడింది. ఎర్ర గొడుగెత్తి పట్టుకున్న పిల్ల ఏదో చెబుతుంటే నలభైమంది నోళ్ళు తెరుచుకుని వింటున్నారు. ఓర్సొలా మోచేతులతో దారి చేసుకుంటూ, తన ఊళ్ళో తనే ఇలా దూరి నడవాల్సి వచ్చిందని తిట్టుకుంటూ, నేలిదా చెయ్యి వదలకుండా లాక్కుపోయింది.

సాన్ మార్కో దగ్గరి కాలె లార్గా చేరాక నేలిదా అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపింది.

"ఇది కాదు. ఇదేం లార్గా అమ్మా?"

ఓర్సొలాకి ఒళ్ళు మండింది. "నలుగురు చేతులు చాపుకుని నడవొచ్చు! ఇంకెంత లార్గా కావాలి నీకు?"

నేలిదా సంచీని గుండెకి అదుముకుంది. ఆ మొహం చూసి ఓర్సొలా నాలిక కరుచుకుంది. "సరే, కోప్పడకు. ఆసుపత్రి దగ్గర ఇంకొకటుంది. అదే అయ్యుంటుంది."

అదీ కాదు. అక్కడికి వెళ్ళేసరికి పదకొండు దాటింది. నేలిదా ఇక నడవలేక కాలవ పక్కన మెట్టు మీద కూలబడింది. ఓర్సొలా ఎదురుగా నిలబడి, ఊళ్ళో ఇంకా ఎన్ని లార్గాలున్నాయో వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టుకుంది. తెలిసిన ఊరు చేతికి దొరక్కుండా జారిపోతుంటే ఆవిడకి మొదటిసారి భయం వేసింది.

"ఆయన ఊపిరి ఈల వేస్తుంది," అంది నేలిదా, నీళ్ళకేసి చూస్తూ. "నేను బయల్దేరేటప్పుడు వేస్తూనే ఉంది. ఈల వినబడుతున్నంతసేపూ నాకు భయం లేదు తల్లీ. అది ఆగితేనే భయం."

"ఏమీ కాదులే అక్కా."

"పెళ్ళై నలభై ఏడేళ్ళు. ఈ ఊరు చూడాలని ఆయనకే సరదా, నాకు కాదు. బయల్దేరే ముందు మా చర్చిలో కొవ్వొత్తి వెలిగించి మాత దగ్గర ఒకటే అడిగాను, ఆయనకి ఆయుష్షు లార్గా ఇమ్మని."

ఓర్సొలా వేళ్ళు మడవడం ఆపేసింది. ఆయుష్షు వెడల్పుగా ఇమ్మని ఏ ఇల్లాలైనా మొక్కుకుంటుందా?

"అక్కా, లార్గా అంటే ఎలా? ఇలాగా?" అని రెండు చేతులూ చెరో పక్కకీ చాపింది.

నేలిదా కాదని, చూపుడువేలితో గాలిలో ఒక గీత గీసింది. ఆ గీత తన ముక్కు దగ్గర మొదలై, కాలవ దాటి, ఎక్కడో మంచులోకి సాగింది. ఆగలేదు.

పొడుగు. ఆవిడ భాషలో లార్గా అంటే పొడుగు. పొడుగాటి సందు. దాన్ని తమవాళ్ళు కాలె లోంగా అంటారు. ఆ లోంగా సందు మొదలయ్యేది ఎక్కడో కాదు, ఓర్సొలా కొట్టుకి వెనకవైపున, యాభై అడుగుల్లో. పెట్టె లాగలేక చచ్చానంటే సందు పొడుగని కాక వెడల్పని ఎలా అనుకుంది తను? చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికించింది, అదీ మోకాళ్ళ నొప్పుల మనిషి చేత.

"నీ ఇల్లు నా కొట్టు పక్కనే," అంది. "లే అక్కా. లే."

ఆ ఊళ్ళో ఎంత తొందరున్నా కాళ్ళే దిక్కు. ఓర్సొలా సగం దూరం నేలిదాని నడిపించింది, సగం దూరం మోసినట్టే తెచ్చింది. అడ్డొచ్చిన యాత్రికులందరి మీదా అరిచింది. కాలె లోంగాలోకి తిరిగి నాలుగు గుమ్మాలు దాటగానే నేలిదా "అదిగో!" అని కేక పెట్టింది. ఆకుపచ్చ తలుపు ఓరగా తీసుంది. ఇద్దరూ మెట్లెక్కారు.

గదిలో ఎవరూ లేరు. దుప్పటి కింద పడి ఉంది. కిటికీ రెక్కలు బార్లా తెరిచి ఉన్నాయి. బల్ల మీద చిరునామా కాగితం తిరగేసి, వెనకవైపు వణికిన అక్షరాలతో ఒక్క ముక్క రాసి ఉంది. నేలిదా అది పైకి చదివింది. "నీ కోసం వస్తున్నా."

కిందకి దిగి కాంపోలోకి పరిగెత్తేసరికి బోర్తొలో ఎదురొచ్చాడు.

"ఎక్కడ చచ్చావే ఓర్సొలా? ఎవరో ముసలాయన వచ్చి నీ కొట్టు రెక్కలు దబదబా బాదాడు. తరవాత నా దగ్గరకొచ్చి గుండె మీద చెయ్యి పెట్టుకుని ఏదో గొణిగాడు. నాకు ముక్క అర్థం కాలేదు. స్టూలు వేస్తే కూచోలేదు."

"ఎటు వెళ్ళాడు?"

"ఒకామెకి క్యాబేజీ తూస్తున్నా. తలెత్తేసరికి లేడు."

"ఎంతసేపైంది?"

"పావుగంట... ఇరవై నిమిషాలేమో."

నేలిదా ఓర్సొలా చెయ్యి పట్టి గుంజింది. "ఊపిరి ఈల వేస్తోందా, అడుగు."

ఓర్సొలా అడిగింది. బోర్తొలో మంచివాడు, అబద్ధం చెప్పడం చేతకాదు. "లేదే. నోరైతే తెరుచుకునే ఉన్నాడు. చప్పుడేమీ రాలేదు."

ఓర్సొలా ఆ మాటని నేలిదాకి విడమర్చి చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేకపోయింది.

ఆసుపత్రికీ పోలీసులకీ ఫోన్ చెయ్యమని బోర్తొలోని కాఫీ కొట్టుకి తరిమింది ఓర్సొలా. "అక్కా, నువ్వు గుమ్మంలో కూర్చో. ఆయన తిరిగొస్తే ఎవరో ఒకరుండాలి కదా. మందు నాకియ్యి, నేను వెతికి తెస్తా."

నేలిదా సంచీ వదల్లేదు. "నువ్వు ఆయన్ని చూళ్ళేదుగా తల్లీ. ఎలా గుర్తుపడతావు?"

"చెప్పు. ఎలా ఉంటాడు?"

"తెల్లజుట్టు. గోధుమరంగు కోటు. చేతిలో ఊరి పటం."

ఓర్సొలా కాంపో వైపు తిరిగింది. ఎర్ర గొడుగు గుంపు అప్పుడే వంతెన దిగి లోపలికి వస్తోంది. తెల్లజుట్లు, గోధుమరంగు కోట్లు, విప్పిన పటాలు. అక్కణ్ణుంచి బయటికి పోవడానికి ఎనిమిది దారులు. ఆ ఎనిమిదీ ఎక్కడికి పోతాయో, ఏది ఏ కాలవ దగ్గర ఆగిపోతుందో ఓర్సొలాకి తెలుసు. ఆయన మొహం తెలీదు. మొహం తెలిసినావిడకి పక్క సందు కూడా తెలీదు, పరిగెత్తే కాళ్ళూ లేవు.

"నువ్వు ఈ ఊరిదానివేగా," అంది నేలిదా. "ఎటు పోయుంటాడో చెప్పు తల్లీ."

ఓర్సొలా ఆవిడ భుజం కింద చెయ్యి వేసి అన్నిటికన్నా దగ్గరున్న వంతెన వైపు నడిపించింది, అది దగ్గరుందన్న ఒక్క కారణంతో. పైకెక్కగానే నేలిదా కమ్మీ పట్టుకుని, ఉన్న బలమంతా కూడదీసి "ఫెర్మిన్!" అని పిలిచింది.

కింద నలుగురైదుగురు తెల్లజుట్టు మనుషులు తలెత్తి చూశారు. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని మళ్ళీ పటాల్లోకి తలలు దించుకున్నారు.