కట్టు మీద వాలిన పురుగు

మొగుడి విరిగిన చేతికి పుత్తూరులో కట్టు కట్టించి, కానుగ చెట్టు కింద బొగ్గుతో నడిచే బస్సు కోసం కూర్చున్నప్పుడే మార్తమ్మ ఆయన దగ్గర మాట తీసుకుంది, ఇక పురుగుల జోలికి పోనని. సత్యవేడు బడిపంతులు రాజారత్నం బుద్ధిగా తలూపాడు. చెయ్యి విరిగింది పురుగు కోసం చెట్టెక్కే కదా.

గోరంత పచ్చ పురుగది. ముట్టబోతే చిటుక్కున దూకే మాయదారిది. వరి పైరుకు పట్టే దోమపురుగుకు అది పెద్దమ్మ కూతురని ఆయన వాదన. తేల్చమని ఒకదాన్ని మద్రాసులో పురుగుల నిపుణులకు పంపితే దారిలో తల ఊడిపోయింది. తల లేనిదే ఏమీ చెప్పలేమని అక్కడివాళ్ళు రాశారు. అప్పటినుంచీ ఆయనకు నిద్ర లేదు, ఆయన వల్ల ఆమెకూ లేదు.

ఉన్నట్టుండి రాజారత్నం బిగుసుకుపోయాడు. నొప్పేమోనని ఆమె కంగారుపడింది. తీరా చూస్తే, ఆకుపసరుతో తడిసిన కట్టు మీద దర్జాగా కూర్చుని ఉంది ఆ పురుగే.

"జేబులో భూతద్దం ఉండాది, తియ్యి. నేను కదిల్తే ఎగిరిపోతాది" అన్నాడు పెదవులు కదపకుండా.

మార్తమ్మకు ఒళ్ళు మండింది. ఇచ్చిన మాట గుర్తుచేద్దామనుకుంది గానీ, ఆ కళ్ళలో ఆరాటం చూసి అద్దం తీసింది. తీసి చూస్తే, ఇంటికప్పులా వాలిన రెక్కలు, వాటి అంచున సన్నటి గులాబీ గీత. ఇంత అందగత్తెనా తను ఇన్నాళ్ళూ తిట్టింది!

"మీసాలు యాడుండాయి? కండ్ల నడిమినా, కిందనా?"

కిందుంటే ఆయన మాటే నిజం. పురుగు పీతలా పక్కకు నడిచి కట్టు అవతలికి నక్కింది. మార్తమ్మ మోకాళ్ళ మీద పాకుతూ అటు తిరిగింది. దూరంగా బస్సు దగ్గుతూ వస్తోంది. ఆ అదురుకు ఇది నిలిచేలా లేదు. కన్ను చికిలించి చూసింది. కంటి కింద చిన్న బుడిపె, దాని కొసన మీసం.

"కిందనేనండీ. కండ్ల కిందనే ఉండాయి."

రాజారత్నం కళ్ళు చెమర్చాయి. అంతలో పురుగు కాళ్ళు ముడిచింది. ఇది పోతే మళ్ళీ చెట్టెక్కడం, మళ్ళీ కట్టు. మార్తమ్మ ఇంకేమీ ఆలోచించలేదు. అరచెయ్యి బోలుగా బోర్లించి కట్టు మీద ఠపీమని వేసింది.

రాజారత్నం కెవ్వుమన్నాడు. అరుస్తూనే తల భద్రమా అని అడిగాడు. ఆమె గుప్పిట సందులోంచి చూసింది. తలతో సహా బతికే ఉంది. ఇద్దరూ పిచ్చిపట్టినట్టు నవ్వారు. బస్సు వచ్చిందీ వెళ్ళిందీ వాళ్ళకు పట్టలేదు.

కట్టు కదిలిపోయి మళ్ళీ వచ్చినవాణ్ణి చూసి, ఇంతలోనే యాడ పడినావప్పా అన్నాడు కట్టు కట్టే ఆయన.

మార్తమ్మ గుప్పిట కొంగు కింద దాచుకుంది. "పడలేదన్నా. నేనే ఒకటేసినాను."